పాకాలా, లక్నవరమా? బాపును, పిల్లాడిని తీసుకుని చెరువు పక్కన సగం రోజు నడవాలి

వడ్డేపల్లి_వాకర్
శుక్రవారం రాత్రి 9:40

అందరికీ నమస్తే. మాది హన్మకొండ. రోజూ పొద్దున వడ్డేపల్లి చెరువు కట్ట మీద నాలుగు కిలోమీటర్లు నడుస్తాను. ఇదివరకు భద్రకాళి బండ్ మీద నడిచేదాన్ని. 2024 చివర్లో పూడిక తీయడానికి ఆ చెరువు నీళ్లు వదిలినప్పుడు ఇటు మారాను, మళ్లీ అటు పోలేదు. అలవాటు, అంతే.

వచ్చే శనివారం సెలవు దొరికింది. హారన్లు వినపడని చోట, నీళ్లు కనిపిస్తుండగా ఏడెనిమిది కిలోమీటర్లు నడవాలని ఉంది. మాతో మా బాపు వస్తాడు. 66 ఏళ్లు, ఎడమ మోకాలు నొప్పి. మెట్లు దిగలేడు కానీ చదునుగా ఉంటే నాకన్నా ముందే ఉంటాడు. మా బాబుకు తొమ్మిదేళ్లు. ఇంకా నా ఫ్రెండ్ ఒకామె. మాకు కారు లేదు.

లక్నవరం ఆఫీసు వాళ్లతో రెండుసార్లు పోయాను. రెండుసార్లూ వంతెన మీద జనంలో ఇరుక్కోవడమే గుర్తుంది. పాకాలకు చిన్నప్పుడు స్కూల్ నుంచి తీసుకుపోయారు. కోతి నా టిఫిన్ డబ్బా ఎత్తుకుపోయింది. అది తప్ప ఏమీ గుర్తులేదు. ఎటు పోతే మంచిది?

గోవిందరావుపేట_తమ్ముడు
శుక్రవారం రాత్రి 10:15

అక్కా, లక్నవరాన్ని ఆదివారం చూసి లెక్క కట్టకండి. మా ఊరి పక్కన చెరువు కాబట్టి చెప్పడం కాదు, మామూలు రోజు పొద్దున ఎనిమిదిన్నరకు రండి, వంతెన మీద మీరే ఉంటారు. 160 మీటర్ల వేలాడే వంతెన అది. మధ్యలో నిలబడితే ఎవరు నడిచినా మీ అరికాళ్లకు తెలుస్తుంది. 13 లంకలు ఉన్నాయి. పొగమంచు ఉన్న రోజు దగ్గర్లో ఉన్న రెండు మూడే కనిపిస్తాయి, ఎండెక్కిన కొద్దీ ఒక్కొక్కటే బయటపడతాయి. అది చూడాలి.

అయితే నిజం చెప్పాలి కదా. అక్కడ నడక తక్కువ, నిలబడటం ఎక్కువ. వంతెన దాటగానే రిసార్టు, బోటు, ఫోటోలు. ఏడెనిమిది కిలోమీటర్లు అంటే రోడ్డు మీదే నడవాలి. ఆ రోడ్డు బాగుంటుంది, రెండు పక్కలా పొలాలు, తర్వాత అడవి. కానీ శనివారం కార్లు వస్తాయి.

బైక్‌పై_బాటసారి
శుక్రవారం రాత్రి 11:02

పాకాలకే వెళ్లండి. మేం ముగ్గురం చెరువు చుట్టూ తిరిగొచ్చాం, సూపర్ ఉంటుంది. మ్యాప్‌లో శాటిలైట్ వ్యూ పెడితే బాటలు కనిపిస్తాయి. నీళ్ల అంచు పట్టుకుని పోతే చాలు, దారి తప్పే ప్రశ్నే లేదు.

నర్సంపేట_సార్
శనివారం ఉదయం 6:20

అమ్మా, పై మాట నమ్మి బయల్దేరకండి. పాకాల చెరువు 30 చదరపు కిలోమీటర్లు. గుండ్రంగా ఉండే చెరువు కాదు, గుట్టల సందుల్లోకి చేతులు చాచినట్టు ఉంటుంది. చుట్టూ తిరగడమంటే సగం రోజు పని కాదు. పైగా అది అభయారణ్యం. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం లోపలికి పోవాలంటే అటవీ శాఖ అనుమతి ఉండాలి. జనాన్ని రానిచ్చే చోటు వేరు, మ్యాప్‌లో కనిపించే బాట వేరు. ఆ బాటలు చాలావరకు పశువులు తొక్కినవి.

మీరు అడిగినదానికి కట్ట ఉంది. రెండు గుట్టల నడుమ ఇంచుమించు మైలు పొడవు. చదునుగా ఉంటుంది, మీ బాపుకు ఇబ్బంది ఉండదు. ఒక పక్క నీళ్లు, ఇంకో పక్క దిగువన చెట్లు. ఈ కొస నుంచి ఆ కొసకు పోయి వస్తే మూడు కిలోమీటర్లు దాటుతుంది. అడవిలోంచి వచ్చే తారు రోడ్డు మీద ముందే ఆటో దిగి నడిస్తే మిగతాది పూర్తవుతుంది. చెరువు చుట్టూ తిరగాలన్న ఆలోచన పట్టణాల్లో పార్కులు చూసి వచ్చింది. మన దగ్గర చెరువు నడక అంటే కట్ట నడకే.

బైక్‌పై_బాటసారి
శనివారం ఉదయం 9:11

సార్, ఊరికే భయపెడుతున్నారు. మాకేం కాలేదు.

పిట్టల_పిచ్చి
శనివారం ఉదయం 9:30

ఏం కాదన్న సంగతి మొసళ్లకు కూడా చెప్పి వచ్చావా తమ్ముడూ? పాకాలలో మొసళ్లు ఉన్నాయి. చలికాలం పొద్దునపూట ఎండ కాచుకోవడానికి నీళ్ల అంచుకే వస్తాయి. నువ్వు నడిచానంటున్నది సరిగ్గా అక్కడే.

బైక్‌పై_బాటసారి
శనివారం మధ్యాహ్నం 1:45

సరే, మొత్తం చెప్తా, నవ్వకండి.

చుట్టూ తిరగలేదు. కట్ట దిగి ఓ గంటన్నర అంచు వెంట పోయాం. ఫిబ్రవరి నెల, నీళ్లు వెనక్కి తగ్గాయి. అంచున నేల ఎండిపోయి, కుండ పెంకుల్లా పగిలి ఉంది. దాని మీద నడుస్తుంటే కరకర మంటుంది, గట్టిగానే అనిపిస్తుంది. ముందు నడుస్తున్న మావాడు ఉన్నట్టుండి పొట్టిగా అయిపోయాడు. ఒక కాలు మోకాలి దాకా లోపల. లాగుదామని రెండో కాలు బలంగా ఆనించాడు, అదీ దిగింది. పైన రెండు వేళ్ల మందం పెంకు, కింద అంతా రొంపి. లాగిన కొద్దీ కింద నుంచి ఎవరో పట్టుకున్నట్టు ఉంటుందట.

మేమిద్దరం దగ్గరికి పోదామంటే మా కాళ్లూ దిగుతున్నాయి. అరుపులు విని బర్ల కాపరి ఒకాయన వచ్చాడు. మమ్మల్ని తిట్టి, వాణ్ని వెనక్కి వెల్లకిలా పడుకోమన్నాడు. వాడు భయపడి పడుకోడే! చివరికి పడుకున్నాక ఆయన కర్ర అడ్డంగా అందించాడు, ఒక్కో కాలే మెల్లగా వచ్చింది. ఒక చెప్పు లోపలే ఉండిపోయింది. బయటికొచ్చాక ఆయన పది గజాల అవతల బురద మీద నున్నగా ఉన్న గాడి ఒకటి చూపించి, "ఇది దేనిదో ఎరికేనా?" అన్నాడు. మేం జవాబు చెప్పకుండా కట్టెక్కేశాం.

కాబట్టి సార్ చెప్పిందే కరెక్ట్. నిన్న రాత్రి కొంచెం బిల్డప్ ఇచ్చాను.

పిట్టల_పిచ్చి
శనివారం మధ్యాహ్నం 2:05

నవ్వలేదు. కొంచెం నవ్వాను.

రామప్ప_రాయి
శనివారం సాయంత్రం 5:30

ఇద్దరూ పాకాల, లక్నవరం అని కొట్టుకుంటున్నారు, మధ్యలో రామప్పను మర్చిపోయారు. గుడిలో శాసనం 1213 నాటిది, కట్టించింది రేచర్ల రుద్రుడు. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక అందరూ గుడి చూసి తిరుగు బస్సెక్కుతున్నారు. పక్కనే ఉన్న చెరువు దాకా పోయేవాళ్లు తక్కువ. గుడి, చెరువు, ఊరు కలిపి ఒకే ఆలోచనతో కట్టారు వాళ్లు. పాకాల చెరువు తవ్వించిన గణపతిదేవుడి కాలమే ఇదీ. ఆయన 1199 నుంచి 1262 దాకా పాలించాడు. రాజధాని ఓరుగల్లు ఊరికే అంత పెద్దది కాలేదు, ఇలాంటి చెరువుల కింద పండిన వడ్లు తిని పెద్దదైంది.

మీ బాపుకు మోకాలు నొప్పి అంటున్నారు కాబట్టి రామప్పలో గుడి నీడన కూర్చోవచ్చు. కట్ట మీద నడక మాత్రం పాకాలంత పొడవు రాదు, ఒప్పుకుంటా.

ఇంకో మాట, ఈ థ్రెడ్ తర్వాత చదివేవాళ్లకు. వానాకాలంలో ఈ వైపు రావద్దు. 2023 జులైలో మా దగ్గరి లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్లు పడింది. అదే వారం ముత్యంధార జలపాతం చూడ్డానికి పోయినవాళ్లు వాగు పొంగి రాత్రంతా అడవిలో చిక్కుకుపోయారు, విపత్తు దళం వచ్చి తెచ్చింది. మోరంచవాగు పొంగి మోరంచపల్లి ఊరికి ఊరే మునిగింది. ఇక్కడి వాగులకు ముందు చెప్పి రావడం తెలియదు.

వడ్డేపల్లి_వాకర్
శనివారం రాత్రి 8:50

అందరికీ థ్యాంక్స్. బాపుకు ఈ పోస్టులన్నీ చదివి వినిపించాను. బురద కథ రెండుసార్లు చదివించుకున్నాడు. "పడుకుంటే తేలుతడు, నిలబడితే దిగుతడు, గంత తెల్వదా" అన్నాడు.

పాకాల అనుకుంటున్నాం. బస్సులో పోవచ్చా? ఆడవాళ్లకు బాత్రూం సంగతి? తిండి ఏమైనా దొరుకుతుందా?

జీరో_టికెట్
శనివారం రాత్రి 9:20

బస్సు మంచి దారి అక్కా. హన్మకొండ నుంచి నర్సంపేటకు బస్సులు బాగానే ఉంటాయి, మీకూ మీ ఫ్రెండ్‌కూ ఆధార్ చూపిస్తే జీరో టికెట్. బాపుకు, బాబుకు మాత్రం డబ్బులు. వరంగల్ నుంచి పాకాల మొత్తం కలిపి 50 కిలోమీటర్లు. నర్సంపేటలో దిగి ఆటో మాట్లాడుకోండి. ఒక్క జాగ్రత్త, రానుపోను మాట్లాడుకోండి. పోవడానికి మాత్రమే మాట్లాడుకుని, తిరిగి వచ్చేటప్పుడు దొరుకుతుందిలే అనుకుంటే నాలాగే చీకటి పడేదాకా కోతుల్ని లెక్కపెడుతూ కూర్చుంటారు. ఆటో అతని నంబరు తీసుకున్నా, లోపల సిగ్నల్ సరిగా రాదు. టైం చెప్పి రమ్మనండి.

చిల్లర నోట్లు పెట్టుకోండి. సిగ్నల్ లేని చోట ఫోన్‌పే అని నిలబడితే ఎవరూ ఏం చేయలేరు.

బాత్రూం నర్సంపేట బస్టాండులో ముగించుకుని పోవడమే ఉత్తమం. లోపల ఉన్నదాని గురించి నేను హామీ ఇవ్వను.

సూదిమందు
శనివారం రాత్రి 10:10

నర్సుగా పనిచేస్తాను, భయపెట్టడానికి కాదు, పిల్లాడు ఉన్నాడన్నారు కాబట్టి రాస్తున్నా.

పాముల కన్నా ముందు తేనెటీగలు. పెద్ద చెట్లకు తుట్టెలు ఉంటాయి. కింద పొగ పెట్టవద్దు, రాయి విసరవద్దు, ఘాటు సెంట్లు వద్దు. లేస్తే దులుపుకుంటూ నిలబడకుండా ముఖం కప్పుకుని దూరంగా పరుగెత్తాలి. నీళ్లలోకి దూకకూడదు, పైనే తిరుగుతూ ఉంటాయి.

పాము కాటు వేస్తే కట్టు బిగించడం, కోయడం, నోటితో పీల్చడం, పసరు పోయడం, ఇవేవీ చేయవద్దు. కాటు పడ్డ కాలో చెయ్యో కదలకుండా పెట్టి, మనిషిని నడిపించకుండా, ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకుపోవాలి. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, ఈ నాలుగింటికీ ఒకటే సూదిమందు. ఏ పామో తేల్చుకోవడానికి దాన్ని వెతుక్కుంటూ కూర్చోవాల్సిన పనిలేదు. 108 గుర్తుంది కదా, సిగ్నల్ దొరికిన చోటి నుంచి చేయండి.

గడ్డిలో కూర్చుంటే పిడుదులు ఎక్కుతాయి. ఇంటికొచ్చాక పిల్లాడి చెవుల వెనక, చంకల్లో, నడుము పట్టీ దగ్గర చూడండి. అంటుకుని ఉంటే చిన్న చిమటాతో చర్మానికి ఆనించి నేరుగా పైకి లాగాలి. కిరోసిన్ పోయవద్దు, అగ్గిపుల్ల పెట్టవద్దు.

నాటుకోడి_నాని
శనివారం రాత్రి 10:31

ఇంత జరిగినా నర్సంపేటలో నాటుకోడి ఎక్కడ బాగుంటుందో ఒక్కరూ చెప్పలేదు.

గోవిందరావుపేట_తమ్ముడు
శనివారం రాత్రి 10:40

లక్నవరం వస్తే నేనే పెట్టించేవాణ్ని. చేపలు కూడా. పాకాల వాళ్లనడుగు, మొసలి తినగా మిగిలితే పెడతారు.

మోడరేటర్
ఆదివారం ఉదయం 7:05

దీని కింద ములుగు గొప్పా, నర్సంపేట గొప్పా అని వచ్చిన తొమ్మిది పోస్టులు తీసేశాను. రెండూ మొన్నటిదాకా ఒకే జిల్లాలో ఉన్నవే.

వడ్డేపల్లి_వాకర్
ఆదివారం ఉదయం 10:25

నర్సంపేట సార్, ఒక సందేహం. కట్ట మీద నడుస్తూ ఏం చూడాలి? నీళ్లు, చెట్లు సరే. మా బాబు అరగంటకు "ఇంకెంత దూరం" మొదలుపెడతాడు.

నర్సంపేట_సార్
ఆదివారం ఉదయం 11:50

మంచి ప్రశ్న అడిగారు, కాస్త పొడవుగా రాస్తాను.

ముందు కట్ట మీద ఒక చోట ఆగి రెండు వైపులా గుట్టల్ని చూపించండి. కట్ట లేకపోతే ఈ నీళ్లు ఎటు పోయేవో పిల్లాణ్ని అడగండి. రెండు గుట్టల మధ్య ఉన్న సందును మట్టితో, రాయితో మూశారు, అంతే కట్టడం. మిగతా మూడు వైపులా ప్రకృతే గోడ. తక్కువ కట్టతో ఎక్కువ నీళ్లు నిలిపే చోటు వెతికి పట్టుకోవడంలోనే వాళ్ల తెలివంతా ఉంది. నీళ్ల వైపు పేర్చిన రాళ్లు చూపించండి, అలలు మట్టిని తినేయకుండా పెట్టినవి.

తర్వాత తూము. పొలాలకు నీళ్లు వదిలేది ఇక్కడి నుంచి. తూము దగ్గర నిలబడి దిగువకు చూస్తే కాలువ ఎటు పోతుందో తెలుస్తుంది, ఆ చివర పచ్చగా కనిపించేదే ఆయకట్టు. ఆ తర్వాత మత్తడి. చెరువు నిండితే కట్ట తెగకుండా ఎక్కువ నీళ్లు దుంకే చోటు. పాకాల మత్తడి నీళ్లు వాగై పోయి మున్నేరులో కలుస్తాయి, మున్నేరు కృష్ణలో కలుస్తుంది. మన ములుగు వైపు చెరువుల నీళ్లేమో గోదావరికి పోతాయి. మధ్యలో ఉన్న గుట్టలే ఈ పంపకం చేసేవి. తొమ్మిదేళ్ల పిల్లాడికి ఇది అర్థమవుతుంది, పెద్దవాళ్లకే చెప్పడం కష్టం.

చిన్న చెరువుల దగ్గర ఇంకా తమాషాగా ఉంటుంది. పై చెరువు మత్తడి నీళ్లు కింది చెరువుకు, దాని మత్తడి నీళ్లు ఆ కిందిదానికి, అలా గొలుసుగా కట్టారు. వర్షం ఒకటే, దాన్ని ఐదారు ఊళ్లు వాడుకుంటాయి. ఒక కట్ట తెగితే మాత్రం కింద ఉన్నవన్నీ వరుసగా తెగుతాయి.

బాపును కూడా అడగండి, ఆయనకు నాకన్నా ఎక్కువ తెలిసి ఉంటుంది.

పిట్టల_పిచ్చి
ఆదివారం మధ్యాహ్నం 12:30

పిల్లాడి కోసం నా వంతు. బైనాక్యులర్ లేకున్నా పర్వాలేదు. ఎండిన కొమ్మ మీద రెక్కలు చాచి, బట్టలు ఆరేసినట్టు నిలబడి ఉండేది నీటికాకి. దాని ఈకలు తడిసిపోతాయి, అందుకే మునిగి లేచాక ఆరబెట్టుకోవాలి. బాతుకు ఆ గొడవ లేదు. నీలి రంగు మెరుపులా దూసుకుపోతే లకుముకి. పాలపిట్ట కరెంటు తీగ మీద కూర్చున్నప్పుడు మబ్బు రంగులో మామూలుగానే ఉంటుంది, ఎగిరినప్పుడే నీలం బయటపడుతుంది. మన రాష్ట్ర పక్షి కాబట్టి అది కనిపించిన వాళ్లకు ఒక చాక్లెట్ అని పందెం పెట్టండి, "ఇంకెంత దూరం" అని అడగడు.

తెల్ల, ఎర్ర చొక్కాలు వద్దు. మట్టి రంగు వేసుకోండి.

వడ్డేపల్లి_వాకర్
బుధవారం రాత్రి 9:15

ఫిక్స్. శనివారం పాకాల. ఐదున్నరకు ఇంట్లోంచి బయల్దేరతాం. సద్ది ఇంటి నుంచే: పులిహోర, సర్వపిండి. ఈసారి స్టీలు డబ్బా కాదు, జిప్పున్న సంచి లోపల, కోతుల కోసమే.

మా తమ్ముడి కుటుంబం హైదరాబాద్ నుంచి వస్తోంది, వాళ్లు మాత్రం ఆదివారం లక్నవరమే పోతామంటున్నారు. చెప్పి చూశాను. వంతెన ఫోటో కావాలట.

గోవిందరావుపేట_తమ్ముడు
బుధవారం రాత్రి 9:40

ఆదివారమా! తొమ్మిదిలోపు గేటు దగ్గర ఉండమనండి. టైం మిగిలితే తాడ్వాయి వైపు పోయి రమ్మనండి. 2024 ఆగస్టు 31న గాలివానకు ఆ అడవిలో వేల చెట్లు పడిపోయాయి. ఊళ్లో పెద్దలు కూడా అలాంటిది చూడలేదన్నారు.

వడ్డేపల్లి_వాకర్
ఆదివారం రాత్రి 8:20

పోయి వచ్చాం. పొడవుగా రాస్తున్నా, టైం ఉన్నవాళ్లు చదవండి.

నర్సంపేటలో దిగేసరికి ఏడు దాటింది. ఆటో రానుపోను మాట్లాడుకున్నాం. ఊరు దాటాక ఒక హోటల్ దగ్గర ఆపాడు, పేరు వద్దులెండి. ఇడ్లీ నిన్నటిది, చట్నీ ఎప్పటిదో. బాపు ఒక్క ముద్ద తిని ప్లేటు పక్కన పెట్టి, సద్ది విప్పమన్నాడు. అంటే నడక మొదలు కాకముందే సగం పులిహోర అయిపోయింది.

అడవి మొదలయ్యాక ఆటో దిగి నడిచాం. చలికి మా బాబు చేతులు స్వెటర్ లోపలికి లాక్కున్నాడు. టేకు ఆకులు రోడ్డు పక్కన విస్తళ్లంత పెద్దవి పడి ఉన్నాయి, కాలు పడితే చప్పుడు. ఆ చప్పుడు కోసమే వాడు రోడ్డు అంచున నడిచాడు. తునికి చెట్టు ఇదీ, మద్ది ఇదీ అని బాపు చూపిస్తూ వచ్చాడు. మద్ది బెరడు మొసలి చర్మంలా పగిలి ఉంటుందని వాడే కనిపెట్టాడు. ఇక ప్రతి మద్ది చెట్టూ మొసలే.

కట్ట ఎక్కేసరికి చెరువు లేదు. నిజంగా లేదు. తెల్లగా పొగమంచు, అంతే. మా ఫ్రెండ్ ఉసూరుమంది. పావుగంట నడిచాక ఎక్కడో లోపలి నుంచి టక్ టక్ అని చప్పుడు. తెప్ప మీద చేపలవాళ్లు కర్రతో తెప్ప అంచును కొడుతున్నారు, చేపలు వల వైపు పోవడానికట. మనిషి కనపడడు, చప్పుడు మాత్రం నీళ్ల మీద దగ్గరగా వినిపిస్తుంది. ఎనిమిదిన్నర తర్వాత ఎండ తగిలి మంచు లేస్తుంటే ముందు అవతలి గుట్ట తల కనిపించింది, తర్వాత ఎండిన చెట్టు, దాని మీద నీటికాకులు బట్టలు ఆరేసినట్టే. మా బాబు పిట్టల అక్క చెప్పిందని గట్టిగా అరిచాడు, అవి ఎగిరిపోయాయి.

అసలు సంగతి తూము దగ్గర. మోకాలు నొప్పి కదా, అక్కడ కాసేపు కూర్చోబెడదామని ఆగాం. బాపు కూర్చోలేదు. అంచు దాకా పోయి వంగి చూస్తున్నాడు. నాకు టెన్షన్. వెనక్కి రమ్మంటే వినడు. అప్పుడు చెప్పాడు, వాళ్ల నాయిన ఊళ్లో నీరటి అని. నాకు ఇన్నేళ్లలో తెలియదు! తాత రైతు అనే అనుకున్నాను. చెరువు తూము తెరవడం, మూయడం, ఏ పొలానికి ఎంతసేపు నీళ్లు పోవాలో చూడటం ఆయన పని. కోతలయ్యాక ప్రతి రైతూ కల్లం దగ్గర ఇన్ని గింజలు కొలిచేవాళ్లట. బాపు పదేళ్ల వయసులో తాత వెంట పోయేవాడు. తూము మూసే చెక్క బిరడా సందుల్లోంచి నీళ్లు కారితే గడ్డి, బట్ట ముక్కలు కలిపి కుక్కడానికి చిన్న చేతులు కావాలని బాపును దింపేవాడట తాత. "నీళ్లు లోపలికి గుంజుతయ్ బిడ్డా, చెయ్యి పోతదేమో అన్నట్టు ఉంటది" అని తన కుడి చేయి చూపించాడు. మా బాబు ఆ చేతిని పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు, ఏదో మచ్చ ఉంటుందన్నట్టు.

నర్సంపేట సార్, మీరు రాసిన ప్రశ్న, కట్ట లేకపోతే నీళ్లు ఎటు పోతాయన్నది, వాణ్ని అడిగాను. వాడు చెప్పేలోపే బాపు చెప్పేశాడు. ఆ తర్వాత గంట సేపు ఆయనే మాస్టారు. నా ఫోన్ లెక్క ప్రకారం మొత్తం 7.4 కిలోమీటర్లు. మోకాలు గురించి ఎవరూ మాట్లాడలేదు, నేను గుర్తు చేస్తే, "ఇప్పుడు యాది చెయ్యకు" అన్నాడు.

మొసలి కనిపించలేదు. కనిపించిందని మా బాబు క్లాసులో చెప్తాడు, అది వేరే విషయం. పాలపిట్ట నర్సంపేట రోడ్డు మీద ఆటోలోంచి కనిపించింది, చాక్లెట్ డ్రైవర్‌కు పోయింది, ముందు ఆయనే చూశాడు కాబట్టి. కోతులు మా సంచి జిప్పు తీశాయి. జిప్పు తీయడం వాటికి వచ్చు, అందరూ గమనించగలరు. సర్వపిండి పోయింది. పిడుదు ఒకటి, నా ఫ్రెండ్ మడమ పైన. చిమటాతో తీశాం, సూదిమందు గారికి థ్యాంక్స్.

ఒక్కటే బాధ అనిపించింది. కట్ట కింద ఒక పక్క చిప్స్ కవర్లు, సీసాలు. మేం ఒక సంచి నిండా ఏరాం, ఇంకా మిగిలాయి.

లక్నవరం పార్టీ ఇవాళ పోయింది. పదకొండున్నరకు చేరారు. ఫోటోలో వంతెన కనిపించడం లేదు, తలలే.

గోవిందరావుపేట_తమ్ముడు
ఆదివారం రాత్రి 8:45

చెప్పాను కదా అక్కా.

బైక్‌పై_బాటసారి
ఆదివారం రాత్రి 9:00

బాపుకు నా నమస్కారం చెప్పండి. బురదలో పడుకోవాలన్న సంగతి మాకు రెండేళ్ల ముందు చెప్పి ఉంటే ఒక చెప్పు మిగిలేది.

రామప్ప_రాయి
ఆదివారం రాత్రి 9:35

నీరటి మాట చాలా ఏళ్లకు విన్నాను. మా ఊళ్లో ఇప్పటికీ ఒక ఇంటిని నీరటోళ్ల ఇల్లు అంటారు, ఆ పని చేసేవాళ్లు మాత్రం లేరు. తూముకు ఇనుప గేటు వచ్చింది, చక్రం తిప్పితే చాలు.

నర్సంపేట_సార్
సోమవారం ఉదయం 6:10

అమ్మా, మీ పోస్టు మా ఇంట్లో చదివి వినిపించాను. బాపును మత్తడి దాకా తీసుకుపోయారా?

వడ్డేపల్లి_వాకర్
సోమవారం రాత్రి 9:05

పోయాం సార్. అది పోయడం లేదు కదా ఇప్పుడు, పొడిగా రాళ్లే ఉన్నాయి. ఆయన ఆ రాళ్ల మీద కాసేపు కూర్చున్నాడు. వానల్లో రావద్దని ఇక్కడ అందరూ అన్నారు, నేనూ అదే చెప్పాను. కానీ వచ్చేటప్పుడు బస్సులో ఒకటే మాట, మత్తడి దుంకంగ చూడాలె అని. వర్షాలు తగ్గాక, దారి బాగుండి, మత్తడి ఇంకా పోస్తుంటే మీరు ఇక్కడ ఒక్క లైను రాస్తారా?

నర్సంపేట_సార్
మంగళవారం ఉదయం 6:00

రాస్తాను. వాగు దాటకుండా చూసే చోటు ఒకటి ఉంది, ఆయనకు మెట్లు దిగే పని ఉండదు.